ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా: డాలస్ ఉత్తరాన కుటుంబానికి ఇల్లు కొనడం ఎలా?

శనివారం మధ్యాహ్నం మోడల్ హోమ్ చూడటంతో ఇంటి వేట మొదలుపెట్టకండి. ఎత్తైన సీలింగు, పిల్లల గదిలో ముచ్చటగా సర్దిన మంచం, కిటికీలోంచి కనిపించే చెరువు చూశాక మనసు అక్కడే ఆగిపోతుంది. ఆ తరువాత ఏ కాగితం చదివినా, అప్పటికే చేసుకున్న నిర్ణయాన్ని సమర్థించుకోవడానికే చదువుతాం. మేము అలాగే చేశాం. డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంటులో ఉంటూ, పెద్దమ్మాయి బడిలో చేరే ఏడాది తొందరపడి కొన్నాం. ఇల్లు మంచిదే. కాని సంతకం పెట్టేముందు తెలియవలసిన సంగతులు చాలా తరువాత తెలిశాయి. వాటి ఖరీదు ఇప్పటికీ నెలనెలా కడుతున్నాం. ఆ సంగతులు మీకు ముందుగా చేరాలని ఇది రాస్తున్నాను.

టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్ళ గురించి చెబుతున్నాను. 2000లో ఫ్రిస్కో జనాభా 33,714. 2020 లెక్కల్లో అది 2,00,509. ఆ తరువాత జోరు ఇంకా ఉత్తరానికి జరిగింది. 2022 జూలై నుంచి 2023 జూలై మధ్య, ఇరవై వేలకు పైగా జనాభా ఉన్న అమెరికా నగరాల్లో అన్నిటికంటే వేగంగా పెరిగినది సెలీనా అని అక్కడి జనగణన శాఖ ప్రకటించింది. మన తెలుగువారు ఇటు రావడానికి కారణాలు కొత్తవేమీ కావు. ప్లేనోలో ఆఫీసులు (టయోటా తన ఉత్తర అమెరికా కేంద్రాన్ని 2017లో అక్కడికి తెచ్చింది), మంచి పేరున్న బడులు, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం, వారాంతంలో పిల్లలకు మనబడి తెలుగు తరగతులు, అప్పటికే వచ్చి స్థిరపడిన బంధుమిత్రులు.

ఇక్కడి కొత్త ఇళ్ళు చాలావరకు మాస్టర్ ప్లాన్డ్ కమ్యూనిటీల్లో ఉంటాయి. ఒక డెవలపర్ వందల ఎకరాల పొలం కొని రోడ్లు, చెరువులు, నడకదారులు, ఈతకొలను, బడికి స్థలం అన్నీ ఒకేసారి గీయించి, లాట్లుగా (ఇంటి స్థలాలుగా) విడదీసి రకరకాల బిల్డర్లకు అమ్ముతాడు. ప్రాస్పర్‌లోని విండ్‌సాంగ్ రాంచ్‌లో అయిదెకరాల కృత్రిమ సరస్సే ఉంది. ఇవన్నీ కంటికి కనిపించేవి. వీటికి అయిన ఖర్చు ఎవరు, ఎన్నేళ్ళు, ఏ పేరుతో కడతారన్నది మాత్రం కంటికి కనిపించదు. ముందు దాన్ని తెలుసుకోండి, ఇల్లు తరువాత చూడండి.

1. నెలకు ఎంత భరించగలరో మీరే తేల్చుకోండి

బ్యాంకు ఎంత అప్పు ఇస్తుందన్నది మీ లెక్క కాకూడదు. ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినా ఆరు నెలలు కిస్తీ కట్టగలమా? ఇది మీ లెక్క. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులో ఇంకో సంస్థ మీ కోసం దరఖాస్తు పెట్టాలి, లేదా మీరు వీసా హోదా మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. అంత కంగారులో ఇల్లు మంచి ధరకు అమ్మడం దాదాపు అసాధ్యం. అందుకే డౌన్ పేమెంటుకు ఉన్నదంతా ఊడ్చి పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. ఆరు నెలల కిస్తీ విడిగా పక్కన ఉంచి, మిగిలినదే డౌన్ పేమెంటు అనుకోండి.

వీసా మీద ఉన్నా ఇల్లు కొనవచ్చు, రుణమూ దొరుకుతుంది. అయితే గ్రీన్ కార్డు లేనివారికి 2025 మే 25 నుంచి ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ రుణాలు ఆగిపోయాయి. ఇక మిగిలింది ఆ హామీ లేని కన్వెన్షనల్ రుణమే. డౌన్ పేమెంటు 20 శాతం కంటే తక్కువైతే దాని మీద పీఎంఐ అనే బీమా సొమ్ము నెలనెలా కలుస్తుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు సాయం చేస్తుంటే ఆ డబ్బు కనీసం రెండు నెలల ముందే మీ ఖాతాలో పడేటట్లు చూడండి. రుణం ఇచ్చేవారు సాధారణంగా రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు, కొత్తగా పడిన ప్రతి పెద్ద మొత్తానికీ లెక్క చెప్పమంటారు. ఆర్‌బీఐ నియమం ప్రకారం ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది తరువాత వారి ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఏడాదిలో మీకు విదేశం నుంచి లక్ష డాలర్లకు మించి బహుమతిగా అందితే అమెరికా పన్ను శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కు 3520 ఫారం దాఖలు చేయాలి. దాని మీద పన్నేమీ ఉండదు గాని, ఫారం మరిచిపోతే జరిమానా భారీగా ఉంటుంది.

2. ఇంటి ధర కంటే ముందు పన్ను రేటు అడగండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. బడులు, నగరాలు, కౌంటీలు ఎక్కువగా ఆస్తిపన్ను మీద నడుస్తాయి. ఫ్రిస్కో నగరంలో పాత కాలనీల్లో స్కూలు డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే సంస్థ), నగరం, కౌంటీ, కాలేజీ అన్నీ కలిపి ఏడాదికి ఇంటి విలువలో సుమారు 1.7 శాతం వస్తుంది. కొత్త కమ్యూనిటీల్లో దీనికి పైన ఇంకో పేరు చేరుతుంది: మడ్ లేదా పిడ్.

మడ్ అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు. పొలంగా ఉన్న చోటికి నీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టాలు, వరద కాలువలు వేయడానికి డెవలపర్ పెట్టిన ఖర్చును ఈ డిస్ట్రిక్టు బాండ్లు అమ్మి తీరుస్తుంది. ఆ బాండ్ల అప్పును ఇళ్ళ యజమానులు పన్ను రూపంలో తీరుస్తారు. ఇంటి విలువ పెరిగితే మడ్ పన్నూ పెరుగుతుంది. ఇళ్ళ సంఖ్య పెరిగి అప్పు తరిగేకొద్దీ రేటు మెల్లగా తగ్గవచ్చు. పిడ్ అంటే పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్టు. దీని నడక వేరు. నగరం లేదా కౌంటీ ఏర్పాటు చేసే ఈ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్టులో సాధారణంగా ఒక్కో లాటుకు ఇంత అని ముందే తేల్చి, ఏళ్ళ తరబడి వాయిదాల్లో వసూలు చేస్తారు. చాలా పిడ్‌లలో మిగిలిన మొత్తాన్ని ఒకేసారి కట్టి వదిలించుకునే వీలుంటుంది. కాబట్టి పాత ఇల్లు కొంటున్నా సరే, పిడ్ బకాయి ఎంత మిగిలిందో అడగండి. దాన్ని బేరంలో వాడుకోవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. రెండు ఇళ్ళూ 5,50,000 డాలర్లవి అనుకోండి. మొదటిది 1.7 శాతం ఉన్న చోట, రెండోది మడ్‌తో కలిపి 2.6 శాతం ఉన్న చోట ఉంది. మొదటిదానికి ఏడాది పన్ను 9,350 డాలర్లు, రెండోదానికి 14,300. తేడా 4,950, అంటే నెలకు 412 డాలర్లు. 6.5 శాతం వడ్డీతో ముప్పై ఏళ్ళ రుణం మీద, ఈ 412 డాలర్ల కిస్తీకి సుమారు 65,000 డాలర్ల అప్పు వస్తుంది. అంటే మడ్ ఉన్న ఇల్లు 65,000 తక్కువకు దొరికినప్పుడు గాని రెండూ సమానం కావు. "అదే ధరకు ఇంకో నాలుగు మైళ్ళు పైకి వెళితే పెద్ద ఇల్లు వస్తుంది" అని స్నేహితులు చెప్పే మాటను ఈ తూకం మీద పెట్టి చూడండి. పెద్ద ఇల్లు వద్దని నేను అనడం లేదు. ఎంతకు కొంటున్నారో తెలిసి కొనండి.

అమ్మేవారు మడ్, పిడ్ సంగతి ఒప్పందానికి ముందే నోటీసు రూపంలో ఇవ్వాలని టెక్సాస్ చట్టం చెబుతోంది. సంతకాల కట్టలో అది ఇంకో కాగితంలా జారిపోకుండా విడిగా అడిగి తీసుకోండి. పన్ను కోసం ఇంటి విలువ కట్టే సంస్థ అప్రైజల్ డిస్ట్రిక్టు. కాలిన్, డెంటన్ కౌంటీల అప్రైజల్ డిస్ట్రిక్టు వెబ్‌సైట్లలో ఏ చిరునామా కొట్టినా అక్కడ పన్ను వేసే సంస్థల జాబితా కనిపిస్తుంది. ఒక హెచ్చరిక. ఇప్పటి యజమాని కడుతున్న పన్నును చూసి మీ పన్నును అంచనా వేయవద్దు. ఆయన ఇంటి విలువకు పెరుగుదల పరిమితి ఉండవచ్చు, 65 ఏళ్ళు దాటి స్కూలు పన్ను స్థిరపడి ఉండవచ్చు. మీరు కొన్న మరుక్షణం అవేవీ మీకు రావు. రేటు తీసుకుని మీ కొనుగోలు ధర మీద మీరే లెక్కించండి.

కొత్త ఇల్లు కొనేవారికి ఇంకో గొయ్యి ఉంది, మేము అందులోనే పడ్డాం. పన్ను విలువను ఏటా జనవరి 1న ఉన్న స్థితిని బట్టి నిర్ణయిస్తారు. మేము జూన్‌లో ఇంట్లో చేరాం. ఆ జనవరి 1న అక్కడ ఉన్నది ఖాళీ లాటు. రుణం ఇచ్చినవారు ఆ ఖాళీ స్థలం పన్ను ప్రకారమే ఎస్క్రో (పన్ను, బీమా కోసం కిస్తీతో పాటు తీసుకునే సొమ్ము) వసూలు చేశారు. మొదటి ఏడాది కిస్తీ హాయిగా అనిపించింది. రెండో ఏడాది పూర్తి ఇంటి పన్ను వచ్చింది. పాత లోటు, కొత్త పన్ను రెండూ కలిసి నెలకు ఏడు వందల డాలర్లకు పైగా పెరిగింది. ఆ ఉత్తరం వచ్చిన రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు. మీరు మొదటి నెల నుంచే పూర్తి ఇంటి విలువ మీద ఎస్క్రో కట్టించుకోమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ తేడాను వేరే పొదుపు ఖాతాలో నెలనెలా వేసుకోండి.

3. బడి సరిహద్దును చిరునామాతో సరిచూసుకోండి

ఊరి పేరును బట్టి స్కూలు డిస్ట్రిక్టును ఊహించవద్దు. ఒక్క ఫ్రిస్కో నగరంలోనే ఫ్రిస్కో, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ అనే నాలుగు డిస్ట్రిక్టుల హద్దులు ఉన్నాయి. డిస్ట్రిక్టు వెబ్‌సైటులో ఇంటి నంబరుతో సహా చిరునామా ఇచ్చి ప్రాథమిక, మిడిల్, హైస్కూలు మూడూ చూసుకోండి.

వేగంగా పెరిగే చోట సరిహద్దులు మారుతూనే ఉంటాయి. కొత్త బడి తెరిచినప్పుడల్లా పిల్లల్ని పంచుతారు. ఇళ్ళు పాతబడి చిన్న పిల్లలు తగ్గిన చోట బడులు మూస్తారు కూడా. బ్రోషరులో "బడి స్థలం" అని రాసి ఉంటే, అది స్థలం మాత్రమే. ఓటర్లు బాండు అప్పుకు ఒప్పుకుని, డిస్ట్రిక్టు కట్టాలనుకున్నప్పుడే అది బడి అవుతుంది. ఒక్క బడి కోసమే ఇల్లు కొంటున్నవారు ఆ బడికి బాగా దగ్గరగా ఉన్న వీధినే ఎంచుకోవడం క్షేమం. హద్దు గీత జరిగినప్పుడు ముందు కదిలేది అంచున ఉన్న వీధులే. రేటింగుల గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి సాయంత్రం ఆ బడి విడిచే వేళకు వెళ్ళి బయట నిలబడండి, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లితో రెండు నిమిషాలు మాట్లాడండి.

4. హెచ్‌ఓఏ నియమాల పుస్తకం చదవండి

హెచ్‌ఓఏ అంటే కాలనీలోని ఇళ్ళ యజమానుల సంఘం. దాని నియమాలు వంద పేజీలు ఉన్నా చదవండి. ముఖ్యంగా చూడవలసినది అద్దె నియమం. కొన్ని హెచ్‌ఓఏలు కొన్న మొదటి ఏడాది అద్దెకు ఇవ్వనివ్వవు. కొన్ని ఇన్ని ఇళ్ళకు మించి అద్దెకు ఉండకూడదని పరిమితి పెడతాయి. ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికో, కుటుంబం కోసం ఇండియాకో వెళ్ళవలసి వస్తే ఈ ఒక్క వాక్యం మీ జీవితాన్ని నిర్ణయిస్తుంది.

తరువాత రుసుము సంగతి. కమ్యూనిటీ ఇంకా కడుతున్నంత కాలం హెచ్‌ఓఏ పగ్గాలు డెవలపర్ చేతిలో ఉంటాయి. చట్టం ప్రకారం 75 శాతం లాట్లు అమ్ముడుపోయిన 120 రోజుల్లోగా బోర్డులో మూడో వంతు సభ్యులనైనా ఇళ్ళ యజమానులు ఎన్నుకోవాలి. కొత్తలో డెవలపర్ తన జేబులోంచి కొంత భరించి రుసుము తక్కువగా ఉంచవచ్చు. ఈతకొలనుకు మరమ్మతులు వచ్చే రోజుకు ఆయన ఉండడు. కాబట్టి ఈ ఏడాది బడ్జెట్టు, మరమ్మతుల నిధిలో ఎంత ఉందో అడగండి. రుసుము బకాయి పడితే ఇంటి మీద తాకట్టు హక్కు పెట్టి అమ్మించే అధికారం కూడా హెచ్‌ఓఏకు ఉండవచ్చు.

గుమ్మానికి మామిడి తోరణం, వినాయకుడి బొమ్మ పెట్టుకోవచ్చా అని చాలామంది నన్ను అడిగారు. పెట్టుకోవచ్చు. మతపరమైన వస్తువులు ఇంటి ఆవరణలో ఉంచుకోవడాన్ని హెచ్‌ఓఏ నిషేధించకూడదని టెక్సాస్ చట్టంలో ఉంది. భద్రత వంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. దీపావళి టపాసుల సంగతి వేరు. ఫ్రిస్కోతో సహా చాలా నగరాల హద్దుల్లో బాణసంచా కాల్చడం నిషేధం.

5. పనిరోజున వెళ్ళండి, నడవండి

మంగళవారం ఉదయం ఏడున్నరకు ఆ ఇంటి దగ్గర నుంచి మీ ఆఫీసుకు కారులో వెళ్ళండి. 380 రోడ్డు మీద ఎంతసేపు ఆగారో, డాలస్ నార్త్ టోల్‌వే మీద టోలు ఎంత అయిందో రాసుకోండి. రోజుకు రెండుసార్లు, నెలకు ఇరవై రోజులు. అదీ ఇంటి ఖర్చే. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా డార్ట్ రవాణా సంస్థలో సభ్యులు కావు, కాబట్టి బస్సు, రైలు మీద ఆశ పెట్టుకోవద్దు.

సాయంత్రం ఆరు గంటలకు మళ్ళీ వెళ్ళి ఆ వీధిలో నడవండి. పిల్లలు బయట ఆడుతున్నారా? గరాజ్ తలుపులు తెరిచి ఉన్నాయా? పెద్దవాళ్ళు నడకదారిలో కనిపిస్తున్నారా? ఈ మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఆగుతాను.

మన తల్లిదండ్రులు వస్తే రెండు వారాలకు రారు, ఆరు నెలలకు వస్తారు. కారు నడపరు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మా ఇల్లు అప్పుడే కడుతున్న చివరి ఫేజులో ఉంది. పటంలో గీసిన నడకదారి ఇంకా మట్టే. పార్కుకు వెళ్ళాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. బందరులో రోజూ సాయంత్రం గుడికి నడిచి వెళ్ళి, నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి. ఇక్కడ గరాజ్‌లో కుర్చీ వేసుకుని, మేము వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చునేది. "ఇల్లు చాలా బాగుందమ్మా, నాకు ఇక్కడ మనిషి మొహం కనిపించడం లేదు" అంది. నాలుగేళ్ళ తరువాత వచ్చినప్పుడు నడకదారి పూర్తయింది, చెరువు దగ్గర రోజూ సాయంత్రం పదిమంది పెద్దవాళ్ళు కూర్చునేవారు. అదే ఇల్లు, అదే అమ్మ. ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో తనకే తెలియలేదు. ఇల్లు ఏ ఫేజులో ఉందో, చుట్టూ నిర్మాణం ఇంకా ఎన్నేళ్ళు సాగుతుందో, ఏ సౌకర్యం ఇప్పటికే కట్టారో, ఏది పటంలో మాత్రమే ఉందో విడివిడిగా అడగండి. లోపలి అలంకరణ కొంత తగ్గినా, పార్కుకు రోడ్డు దాటకుండా నడిచి వెళ్ళగలిగే లాటునే నేను ఎంచుకుంటాను.

వెనక ఖాళీగా ఉన్న పచ్చటి నేలను చూసి మురిసిపోవద్దు. నగరం వెబ్‌సైటులో జోనింగ్ పటం, రాబోయే పెద్ద రోడ్ల పటం రెండూ ఉంటాయి. ఆ పచ్చదనం రేపు ఆరు వరుసల రోడ్డో, దుకాణాల సముదాయమో కావచ్చు.

6. లాటు, ఇల్లు

తూర్పు ముఖం ఇళ్ళకు మనవాళ్ళలో గిరాకీ ఎక్కువ. ఇక్కడి బిల్డర్లకు కూడా వాస్తు అన్న మాట పరిచయమే. తూర్పు ముఖం నమ్మకమైతే తీసుకోండి, తిరిగి అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది. కాని ఒక సంగతి ఎవరూ చెప్పరు. ముందు తూర్పు అయితే వెనక పడమర. జూలై, ఆగస్టుల్లో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండ సాయంత్రం ఎనిమిది దాకా మీ వెనక వరండా మీదే పడుతుంది. పైకప్పు బాగా ముందుకు వచ్చిన వరండా, పడమటి కిటికీలకు నీడ ముందే అడగండి. ఉత్తర ముఖమైతే వెనక దక్షిణం వస్తుంది, ఆ సమస్య కొంత తగ్గుతుంది.

కింది అంతస్తులో పడకగది, దానికి పూర్తి స్నానాల గది తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మెట్లెక్కి పడుకోలేరు.

వంటగదిలో పొయ్యి పైన ఉన్న ఎగ్జాస్టు గాలిని నిజంగా బయటికి పంపుతుందా, లేక ఫిల్టరు గుండా తిప్పి మళ్ళీ ఇంట్లోకే వదులుతుందా అడగండి. మైక్రోవేవుతో కలిసి వచ్చేవి చాలావరకు రెండో రకం. మన పోపు ఘాటుకు అది చాలదు. ఇల్లు కట్టేటప్పుడు గొట్టం వేయించుకోవడం తేలిక, తరువాత గోడ పగలగొట్టాలి.

7. ఏజెంటు, బిల్డరు, ఒప్పందం

మోడల్ హోమ్‌కు మొదటిసారి వెళ్ళేటప్పుడే మీ ఏజెంటును వెంట తీసుకెళ్ళండి. మీరు ఒంటరిగా వెళ్ళి పేరు నమోదు చేసుకుంటే, తరువాత వచ్చిన ఏజెంటుకు కమిషన్ ఇవ్వనని బిల్డర్ అనవచ్చు. ఏజెంటుతో ముందుగా లిఖిత ఒప్పందం చేసుకోవాలి. అందులో ఆయన రుసుము ఎంతో, ఎన్నాళ్ళు కట్టుబడి ఉంటారో చూడండి. కమిషన్‌లో కొంత కొనేవారికి తిరిగి ఇవ్వడం టెక్సాస్‌లో చట్టబద్ధమే, మన ఏజెంట్లలో చాలామంది ఇస్తారు. కాని ఎక్కువ తిరిగి ఇచ్చేవారికంటే, "ఈ ఇల్లు వద్దు" అని చెప్పగల మనిషి విలువైనవారు.

పాత ఇల్లు కొనేటప్పుడు వాడే రాష్ట్ర ప్రామాణిక ఒప్పందంలో ఆప్షన్ పీరియడ్ రాసుకోవచ్చు. చిన్న రుసుము కట్టి కొన్ని రోజులు తీసుకుంటారు. ఆ రోజుల్లో ఏ కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గవచ్చు. కొత్త ఇంటికి బిల్డర్లు చాలావరకు సొంత ఒప్పందం వాడతారు. అందులో ఈ వెసులుబాటు ఉండకపోవచ్చు, కట్టిన డిపాజిట్ తిరిగి రాకపోవచ్చు. రియల్ ఎస్టేట్ లాయరుతో ఒకసారి చదివించండి. ఆ రుసుము ఇంటి ధర ముందు చాలా చిన్నది.

బిల్డర్ చెప్పిన రుణసంస్థ దగ్గరే తీసుకుంటే క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) ఖర్చులు తగ్గిస్తాం, వడ్డీ తగ్గిస్తాం అంటారు. కొన్నిసార్లు నిజంగా లాభమే. బయట ఇంకో రెండు చోట్ల లోన్ ఎస్టిమేట్ అనే మూడు పేజీల ప్రామాణిక పత్రం తీసుకుని వరుస వరుస పోల్చండి. వడ్డీ తగ్గింపు ముప్పై ఏళ్ళకా, మొదటి రెండేళ్ళకా అన్నది తప్పక అడగండి. రెండేళ్ళదైతే మూడో ఏడాది కిస్తీని ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి.

8. కొత్త ఇల్లయినా తనిఖీ చేయించండి

ఈ ప్రాంతంలో నేల నల్లరేగడి వంటి బంకమట్టి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. మన గుంటూరు, కర్నూలు పొలాలు చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఇక్కడి ఇళ్ళకు ఉక్కు తీగలు బిగించిన కాంక్రీటు పలకను పునాదిగా వేస్తారు. బయటి ఇన్‌స్పెక్టరును, అంటే బిల్డరుతో సంబంధం లేని లైసెన్సు ఉన్న మనిషిని, మూడుసార్లు పిలవండి. కాంక్రీటు పోయకముందు ఒకసారి, గోడలకు షీట్లు కొట్టకముందు ఒకసారి, క్లోజింగ్‌కు ముందు ఒకసారి. రెండోది అన్నిటికంటే విలువైనది. గోడ మూసేశాక వైర్లు, గొట్టాలు, ఇన్సులేషన్ ఎలా ఉన్నాయో ఎవరికీ కనిపించదు. ఈ మూడు తనిఖీలకు అనుమతి ఉందని ఒప్పందంలోనే రాయించుకోండి.

లాటు వాలు కూడా చూడండి. నీరు ఇంటి నుంచి బయటికి పారాలి. పెద్ద వాన పడిన మర్నాడు ఆ వీధికి వెళ్ళి, వెనక దొడ్లలో నీళ్ళు నిలిచాయేమో చూసిరండి.

9. వడగళ్ళ వాన బీమా

వసంతకాలంలో ఇక్కడ వడగళ్ళు కప్పుల్ని తూట్లు పొడుస్తాయి. ఇంటి బీమాలో గాలి, వడగళ్ళ నష్టానికి మీరు ముందుగా భరించే మొత్తం తరచుగా శాతంలో ఉంటుంది. 5,00,000 డాలర్ల బీమాలో 2 శాతం అంటే 10,000 డాలర్లు మీ జేబులోంచి. పైకప్పుకు కొత్తది వేసే ఖర్చు ఇస్తారా, పాతబడిన విలువ మాత్రమే ఇస్తారా అడగండి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందే బీమా ధర తెలుసుకోండి.

10. తాళాలు చేతికి వచ్చాక

ముందు డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా మార్చుకోండి. తరువాత అప్రైజల్ డిస్ట్రిక్టులో, మీరే నివసించే ఇంటికి దొరికే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు చేయండి. వీసా మీద ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. దరఖాస్తు ఉచితం. రుసుము కడితే మేము చేసిపెడతాం అంటూ వచ్చే ఉత్తరాలను పక్కన పడేయండి. 2025 పన్ను సంవత్సరం నుంచి స్కూలు పన్ను లెక్కించేటప్పుడు ఇంటి విలువలో 1,40,000 డాలర్లు తీసేస్తున్నారు. దీనివల్ల ఏడాదికి సుమారు 1,400 డాలర్లు మిగులుతాయి. అమ్మినవారికి ఆ ఏడాది అదే మినహాయింపు లేకపోతే, కొన్న ఏడాదిలోనే మిగిలిన నెలలకు దొరుకుతుంది. జనవరి 1 నాటికే ఇల్లు మీదై మినహాయింపు ఉన్న మొదటి ఏడాది గడిచాక, పన్ను విధించే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకుండా రక్షణ కూడా మొదలవుతుంది.

వసంతంలో అప్రైజల్ నోటీసు వస్తుంది. విలువ ఎక్కువగా వేశారనిపిస్తే మే 15లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా, రెండింటిలో ఏది తరువాత వస్తే ఆ తేదీలోగా అభ్యంతరం పెట్టవచ్చు. టెక్సాస్‌లో అమ్మకపు ధరలు బహిరంగంగా నమోదు కావు. కాబట్టి మీ ఏజెంటు నుంచి పక్క వీధుల అమ్మకాల వివరాలు తీసుకుని వెళ్ళండి. మీరు కొన్న ధర వారు వేసిన విలువ కంటే తక్కువైతే క్లోజింగ్ పత్రమే బలమైన సాక్ష్యం.

ఎండాకాలంలో పునాది చుట్టూ ఒకటిన్నర అడుగు దూరంలో నీరు ఊరే గొట్టం పరచి, నేల ఒకే తేమతో ఉండేలా చూడండి. నగరం నీటి ఆంక్షలు పెడితే ఏ రోజుల్లో తడపవచ్చో ముందు చూసుకోండి. చలికాలంలో గడ్డకట్టే రాత్రి వస్తుందంటే బయటి కుళాయిలకు తొడుగులు వేయండి. 2021 ఫిబ్రవరి తుపానులో పగిలిన గొట్టాలతో ఎన్ని ఇళ్ళు తడిశాయో ఇక్కడున్నవారెవరూ మరిచిపోలేదు.

పనితనం మీద బిల్డర్ వారంటీ సాధారణంగా ఒక ఏడాది ఉంటుంది. పదకొండో నెలలో అదే ఇన్‌స్పెక్టరును మళ్ళీ పిలవండి. గోడ పగుళ్ళు, సరిగా పడని తలుపులు, ఊడిన గ్రౌటు అన్నీ ఫోటోలతో రాసి, గడువు ముగిసేలోగా బిల్డరుకు ఈమెయిలులో పంపండి. ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. అందిందని వారు తిరిగి రాసేదాకా వదలకండి.